వాజిబ్ సుందర్ రావు కారు బేరం

మా బావ సుందర్ రావును మోసం చేసినవాడు వరంగల్ మొత్తం వెతికినా దొరకడు. ఆయన మోసం చేసినవాడూ దొరకడు. ఈ రెండు ముక్కలూ విని, ఆహా ఎంత మంచి మనిషి అనుకునేవాళ్లు ఒక్క వారం ఆయన వెంట బజారుకు వెళ్లి రండి, తర్వాత మాట్లాడుకుందాం. అక్కను ఇచ్చిన పాపానికి నేను ఏళ్ల తరబడి వెళ్లాను.

ఆయన మా మిషన్ దవాఖానలో స్టోర్ కీపరు. రోగుల వంటకు బియ్యం దగ్గర్నుంచి నేల కడిగే ఫినాయిలు దాకా అన్నీ ఆయన కొనాల్సిందే. ప్రతి వస్తువుకూ లోకంలో ఒక్కటే సరైన ధర ఉంటుందని, దాన్ని కనిపెట్టడమే కొనేవాడి ధర్మమని ఆయన నమ్మకం. ఆ ధరకు ఆయన వాడే మాట వాజిబ్. ‘ఇది వాజిబ్’ అన్నాడంటే ఇక ఒక్క పైసా పెరగదు. తగ్గదు కూడా. అసలు తలనొప్పి అక్కడే ఉంది. దుకాణాల వాళ్లు ఆయన్ని ఎదురుగా వాజిబ్ సారు అనేవారు. వెనకాల ఏమనేవారో మా అక్క ముందు చెప్పలేను.

ఒకసారి దవాఖాన జీపులో నర్సంపేట అంగడికి వెళ్లాం. సమ్మమ్మ అనే ముసలావిడ గంపెడు చింతపండు పెట్టుకుని కూర్చుంది. ధర అడిగితే చెప్పింది. నేను లోలోపల సంతోషించి సంచి విప్పాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“అవ్వా, తక్కువ చెప్తానవ్. ఇంకో రెండు రూపాయలు కలిపి అడుగు” అన్నాడు.

సమ్మమ్మ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత తన గంపలోకి చూసుకుంది.

“గట్లెందుకంటానవ్ బిడ్డా? ఇందుల ఏమన్న మతలబున్నదా?”

“మతలబేం లేదవ్వా. వాజిబ్ చెప్తాన.”

“ఎక్కువిస్తనని ఎవ్వడన్న ఊకెనే అంటడా? నాకు నీ బేరమొద్దు, నీ పైసలొద్దు” అని ఆవిడ గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. ఆ వారమంతా రోగులు పులుపు లేని చారు తాగారు. బావకు కించిత్తు పశ్చాత్తాపం లేదు.

ఇలాంటి మనిషి ఒక కారు మీద మనసు పడ్డాడు. అదీ అలాంటిలాంటి కారు కాదు. మా దవాఖానకు వచ్చిన డాక్టరు దొర ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించుకున్న స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, ముదురాకుపచ్చ రంగు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే రోడ్డు మీద బర్రెలు కూడా దాన్ని పైనుంచి కిందికి చూసేవి. మా రోడ్ల మీద దొర దాన్ని నడిపింది తక్కువ, తుడిచింది ఎక్కువ. సరుకుల కోసం బావకు జీపు నేర్పించింది ఆయనే. అప్పుడప్పుడు మంచి మనసుతో ఈ కారు కూడా ఇచ్చి కాజీపేట దాకా పోయి రమ్మనేవాడు.

అరవై తొమ్మిదిలో అక్క పెళ్లి. అక్క పేరు లిదియా, అదే దవాఖానలో నర్సు. గుడి నుంచి, అంటే మా చర్చి నుంచి, ఊరేగింపుకు దొర తన కారు ఇచ్చాడు. సీట్లు రెండే కాబట్టి పెళ్లికొడుకే డ్రైవరు. నేను సైకిల్ మీద వెనకపడి తొక్కాను. సుబేదారి దగ్గర గాలికి అక్క తల మీది తెల్ల ముసుగు ఎగిరిపోయి, గడ్డిబండి మీద పడింది. బావ కంగారుగా కారు ఆపాడు. అక్క ఆపుకోలేకుండా నవ్వుతోంది. పెళ్లికూతురు అలా రోడ్డు మీద నవ్వడం మా సారమ్మ పెద్దమ్మకు నచ్చలేదు గానీ, అక్క అంతలా నవ్వడం అంతకు ముందు నేనూ చూడలేదు.

ఆ సాయంత్రం నా ఎదుటే అక్క అంది. “ఇంకొక్కపారి గీ కార్ల పోవాలనున్నదండి.”

“దొర అమ్మిననాడు కొంట. వాజిబ్ ధరకు” అన్నాడు బావ.

మా అక్క ఏదైనా ఒక్కసారే అడుగుతుంది. రెండోసారి అడగడం ఆమె ఒంట్లో లేదు. అదొక జబ్బు, దానికి దవాఖానలో మందు లేదు.

డెబ్భై నాలుగులో దొర స్వదేశానికి వెళ్లిపోతూ కారును సంఘానికి, అంటే మా గుడికి ఇచ్చి వెళ్లాడు. దాన్ని ఏం చెయ్యాలో మా పెద్దలు రెండేళ్లు కూర్చుని మాట్లాడారు. ఆ రెండేళ్లలో బావ దాని ధర కట్టాడు. హైదరాబాద్ వెళ్లి పాత కార్లు అమ్మేవాళ్లను అడిగాడు. కాజీపేట మెకానిక్ కొమురెల్లిని తెచ్చి ఇంజను విప్పించాడు. టైర్లకు ఇంత తరుగు, సామాన్లు దొరకవు కాబట్టి ఇంత తరుగు అని లెక్కగట్టి, చివరికి ఆరు వేలు వాజిబ్ అని తేల్చాడు. ఆ ఆరు వేలూ పోస్టాఫీసులో జమ చేశాడు. తీరా డెబ్భై ఆరులో పెద్దలు ఏం తేల్చారయ్యా అంటే, కోత పండుగనాడు వేలం వెయ్యాలని.

మా కోత పండుగ వేలం తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ రోజు ఎవరి ఇంటి పంట వాళ్లు గుడికి తెస్తారు. గుమ్మడికాయ, కోడిపెట్ట, బెల్లం, కొత్త బియ్యం. ఆరాధన అయ్యాక అన్నీ బల్ల మీద పెట్టి పాట పాడతారు. అక్కడ అసలు ధరకు ఎవరూ కొనరు. దేవుని పని కదా, రూపాయి గుమ్మడికాయ నలభైకి పోతుంది. ఇంకో మర్యాద కూడా ఉంది. పాట గెలిచినవాడు డబ్బు కట్టి, ‘మళ్ల బల్ల మీద పెట్టుండ్రి’ అనొచ్చు. అప్పుడు అదే గుమ్మడికాయ రెండోసారి పాటకు వస్తుంది, మూడోసారి కూడా. ఒక్క కోడిపెట్ట అలా ఐదుసార్లు అమ్ముడుపోయి, ఎండకు తాళలేక బల్ల మీదే గుడ్డు పెట్టేసిన సంవత్సరం ఉంది. ఆ గుడ్డునూ పాట పాడారు.

వాజిబ్ మనిషికి ఇంతకంటే చెడ్డ చోటు ఏముంటుంది? అక్కడ కారు ఆరు వేలకు ఎలా ఆగుతుంది? అక్క ఏమీ అనలేదు. పెళ్లినాటి ఫోటో ఫ్రేము మాత్రం రోజూ తుడుస్తోంది. అది చూడలేక నేను నడుం కట్టాను.

పండుగకు ముందు నెలంతా ఆఫీసు అవగానే ఇల్లిల్లూ తిరిగాను. కాంట్రాక్టర్లనూ, టీచర్లనూ, పెన్షన్ తీసుకునే పెద్దమనుషులనూ బతిమాలాను. బావ ఆరు వేలు అనగానే మీరందరూ నోళ్లు కట్టేసుకోవాలి, అంతే. ఆయన దేవుణ్ణి ముంచడు, మీకు తెలుసు కదా, అది సరైన ధరే. అందరూ ఒప్పుకున్నారు. అక్క చేతుల మీద కాన్పు కాని ఇల్లు మా సంఘంలో లేదు మరి. వేలం పాట నడిపే దావీదు మాష్టారు కూడా, “నేను గబగబ మూడుసార్లు అనేస్త, ఫికర్ చెయ్యకు” అన్నాడు. ఇందులో తప్పేముందో నాకు ఈరోజుకీ అర్థం కాదు. ఎవరైనా అర్థమయ్యేలా చెబితే వింటాను.

పండుగ రోజు వచ్చింది. గుమ్మడికాయలు, కోళ్లు అయిపోయాయి. అందరం బయటికి వచ్చి చింతచెట్టు నీడలో నిలబెట్టిన కారు చుట్టూ చేరాం. ముందు వరస కుర్చీలో కాశిబుగ్గ బట్టల వ్యాపారి పాండురంగం సేటు కూర్చున్నాడు. ఆయన మా మతస్థుడు కాదు. ఆయన భార్య సావిత్రి కష్టమైన కాన్పు నుంచి మా దవాఖానలో బయటపడింది. ఆ కృతజ్ఞతతో పిలవగానే వచ్చాడు. ఆయనకు మా పద్ధతులు తెలియవు, నా ఏర్పాటూ తెలియదు.

“ఆరు వేలు” అన్నాడు బావ.

ఎవరూ నోరు మెదపలేదు. పాండురంగం అటూ ఇటూ చూసి, అందరూ ఊరుకున్నారు కదా అని తనూ ఊరుకున్నాడు. దావీదు మాష్టారు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఒకే ఊపిరిలో అనేసి గంట కొట్టాడు. కారు మాది. అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బావ డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత జనం వైపు తిరిగి ఒక్కొక్కరి ముఖమే చూడటం మొదలుపెట్టాడు. కాంట్రాక్టరు తల వంచుకున్నాడు. టీచర్లు చెట్టు మీది పిట్టలను చూస్తున్నారు. చివరికి ఆయన చూపు నా దగ్గరికి వచ్చి ఆగింది.

“యోసేపూ, గుమ్మడికాయకు ముప్పై చేతులు లేచినయ్. కారుకు ఒక్క చెయ్యి లేవలేదేంది?”

“నాకేమెర్క బావా. పైసలెక్కడియి అందరికి?”

“అందరు నా మీద దయ తలచిండ్రు. నలుగురు పోటీ పడ్డంక నిలిచేదే ధర. ఇది ధర గాదు, ధర్మం చేసుడు. నాకొద్దు.”

నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. “బావా, నీ కాళ్లు మొక్కుత. సప్పుడు చెయ్యకుండ కార్లెక్కు.”

ఆయన నా చెయ్యి విడిపించుకున్నాడు. “దావీదు మాష్టారూ, మళ్ల బల్ల మీద పెట్టుండ్రి.”

మా సంఘంలో ఆ మాట వచ్చాక ఇక తిరుగు లేదు. మాష్టారు నన్ను చూశాడు, అక్కను చూశాడు, మింగలేక కక్కలేక మళ్లీ పాట ఎత్తుకున్నాడు. మొదటి ఆరు వేలు దేవునికి పోయినట్టే లెక్క వేసుకుని, బావ మళ్లీ ఆరు వేలే అన్నాడు. ఇప్పుడు పాండురంగం తనకు విషయం బోధపడింది అనుకున్నాడు. ఓహో, వీళ్లు దేవునికి ఇలా రెండోసారి ఇస్తారన్నమాట అని, మొక్కు తీర్చుకునే భక్తితో లేచి నిలబడి, “తొమ్మిది వేలు” అన్నాడు.

అందరూ బావ వైపు చూశారు. బావ దగ్గర ఇంకా డబ్బు లేకపోలేదు. ఆరు వేలు దాటితే వాజిబ్ కాదు, అంతే. పాండురంగం చేతికి తాళం ఇచ్చి బావ చప్పట్లు కూడా కొట్టాడు. అక్క అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. ఎంత కోపం వచ్చిందో చెప్పను గానీ, ఆరు వారాలు నేను బావతో మాట్లాడలేదు. ఆయన అది గమనించాడో లేదో కూడా నాకు తెలియదు.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. రెండేళ్లకు పాండురంగానికి సంగతి ఎవరో చెప్పారు. పాపం, మనసున్న మనిషి, మమ్మల్ని దుకాణానికి పిలిపించి చాయ్ తెప్పించాడు.

“సారూ, నాకెర్క లేక చేసిన. నాకు కారెందుకు? పెళ్లి బరాత్‌లకు తప్ప దాన్ని తీస్తలేను. నీ వాజిబ్ ఎంతో అదే ఇచ్చి తీస్కపో.”

“నువ్వు తొమ్మిది పెట్టినవు గద సేటూ.”

“నేను దేవునికి పెట్టిన. ఆ లెక్క వేరు.”

“నువ్వు తొమ్మిది పెట్టి నాకు తక్కువకిస్తే నీకు నష్టం. నీకు నష్టమైతే అది వాజిబ్ ఎట్లయితది?”

“పోనీ తొమ్మిదే ఇయ్యి.”

“అది వస్తువుకు ఎక్కువ. గదీ వాజిబ్ గాదు.”

పాండురంగం నన్ను చూశాడు. నేను చాయ్ గ్లాసు చూసుకున్నాను. ఏం చెప్పను? డబ్బుంది, కారుంది, అమ్మేవాడు కాళ్లావేళ్లా పడుతున్నాడు, కొనేవాడికి ప్రాణం అందులోనే ఉంది, కానీ బేరం కుదరదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, మా ఇంట్లో ఆ ఇద్దరూ ఒక్కడే. ఆ తర్వాత ఏటేటా ఇదే తంతు. పాండురంగం పిలిచేవాడు, చాయ్ తెప్పించేవాడు, ఇంకొంచెం తగ్గేవాడు. కారు పాతబడింది కాబట్టి బావ కూడా తన లెక్క తగ్గించేవాడు. కానీ ఆయన తరుగు లెక్క, పాండురంగం దయ లెక్క ఏనాడూ ఒకచోట కలిసేవి కావు. వస్తూ వస్తూ బావ సేటు గోదాం వెనక్కి వెళ్లి, అక్కడ నిలిపిన కారు మీద దుమ్ము చేత్తో తుడిచి వచ్చేవాడు. సీట్లలో కోళ్లు కాపురం పెట్టాయి. గుడ్డ కప్పు చీలికలైంది.

ఇంట్లో అక్క దాని ఊసే ఎత్తేది కాదు. ఒక్కసారి మాత్రం, డ్యూటీ నుంచి వస్తూ బరాత్‌లో ఆ కారు ఎదురైతే, పక్క సందులోకి తిరిగి చుట్టూ తిరిగి ఇంటికి వెళ్లిందని నాకు తెలిసింది. బావకు చెప్పాను. ఆయన “వచ్చే యేడు కుదురుతదిలే” అన్నాడు. ఆ మాటకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

ఎనభై ఏడులో పాండురంగం గోదాం ఖాళీ చేస్తున్నాడని, పాత ఇనుము వాళ్లు వచ్చి కారు చూసి వెళ్లారని కబురు తెలిసింది. బావ వెళ్లి చూసి, ఇనుము ధరకు తను కొంటే కారును అవమానించినట్టని, కారు ధరకు కొంటే అది నడవదు కదా అని, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. అక్క వంటింట్లోంచి అంతా విన్నది. మరునాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. యూనిఫాం మీదే ఉంది.

“తమ్మీ, జర నా ఎంట కాశిబుగ్గకు రా.”

దుకాణంలో అక్క కూర్చోలేదు. “సేటూ, కారుకు ఎంతో చెప్పు” అంది. పాండురంగం సంకోచిస్తూ ఒక ధర చెప్పాడు. నేను అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టబోయాను. అక్క నా వైపు ఒక్క చూపు చూసింది, నోరు మూసుకున్నాను. ఆమె మారు మాట్లాడకుండా సంచిలోంచి డబ్బు తీసి ఇచ్చింది. ఎక్కువో తక్కువో ఆమె అడగలేదు. బేరం అంటే ఇంత సులువని అప్పటిదాకా నాకు తెలియదు. బయటికి వచ్చాక, ఆ ధర బావకు ఎప్పటికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. కాబట్టి ఇక్కడా చెప్పను.

కొమురెల్లి ఇంజను మళ్లీ విప్పి బిగించాడు. సీట్లకు పాండురంగం భార్య సావిత్రి మంచి దుప్పటి గుడ్డ పంపించింది. ఆదివారం ఆరాధన అయ్యేసరికి కారు గుడి గేటు ముందు నిలబడి ఉంది, పక్క సీట్లో అక్క కూర్చుని ఉంది. అక్కకు డ్రైవింగ్ రాదు. నడిపే సీటు ఖాళీగా ఉంది.

బావ మెట్లు దిగి వచ్చి ఆగిపోయాడు. సంఘమంతా ఆయన వెనక ఆగింది. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైర్లు చూశాడు. తలుపు మీద చెయ్యి పెట్టాడు. నేను మనసులో మొక్కుకుంటున్నాను, ఇవాళ ఒక్కరోజు ఆ మాట అడక్కు బావా, నీకు పుణ్యముంటుంది.

“ఎంతకు కొన్నవ్?” అన్నాడు.

“ఎక్కుండ్రి” అంది అక్క.

“ఎంతో చెప్పు లిదియా. వాజిబేనా, కాదా?”

వెనక నుంచి దావీదు మాష్టారు వణికే గొంతుతో, “ఒకటోసారీ...” అన్నాడు. జనం నవ్వారు. బావ కదలలేదు. “రెండోసారీ...” అన్నాడు మాష్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మళ్లీ బల్ల మీద పెట్టమంటాడేమోనని నేను భయపడ్డాను.

అక్క ఆయన వైపు తిరిగింది. కోపంగా కాదు, మామూలుగా, దవాఖానలో మందు ఎంత వేశారో చెప్పినట్టు చెప్పింది.

“పదకొండేండ్లు పెట్టి కొన్న.”

బావ తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. ఆయన పెదాలు కదిలాయి. ఎప్పటిలాగే లెక్క వేసుకుంటున్నాడు అనుకున్నాను.

“మస్తు ఎక్కువ పెట్టినవ్” అన్నాడు చివరికి. “వాజిబ్ గాదు లిదియా.”

తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు. తాళం తిప్పితే కారు దగ్గింది గానీ కదల్లేదు. తోసేది ఎవరు? నేనే. గుడి ముందు నుంచి పెద్ద రోడ్డు దాకా చొక్కా తడిసేలా తోశాను. అక్కడ అది ఒక్క గంతు వేసి అందుకుంది. దుమ్ములో నిలబడి ఆయాసపడుతూ చూశాను. గాలికి అక్క కొంగు లేచింది. పెళ్లినాడు ముసుగు ఎగిరిపోతుంటే పట్టించుకోకుండా నవ్విన మనిషి, ఇప్పుడు నెరిసిన తల మీది కొంగును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. నాకు బావ మీద మళ్లీ కోపం వచ్చింది.